పెళ్ళిగుర్రం మీద కాలవగట్టు షికారు

నేను జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్ని. రాజమండ్రిలోని మా కాలేజీలో ఏటా గుర్రం పరిణామక్రమం పాఠం చెబుతాను. నక్కంత ప్రాణి నాలుగు వేళ్ళతో మొదలై, ఒక్కో వేలూ పోగొట్టుకుంటూ చివరికి ఒంటిగిట్ట మీద నిలబడిన వైనం బోర్డు మీద రంగు సుద్దలతో వేసి మరీ చెబుతాను. ఇంత చెప్పినా నిజం గుర్రాన్ని ఒక్కసారైనా ముట్టుకోలేదు. ఆ లోటు నాకెప్పుడూ లోటుగా తోచలేదు, మా ప్రిన్సిపాల్ గారు ఊటీ వెళ్ళి వచ్చేదాకా.

ఊటీలో ఆయన గుర్రమెక్కి ఫొటో దిగారు. అక్కడినుంచి వచ్చిన మనిషి వేరు. స్టాఫ్ రూములో నడుం వంచి కూర్చున్నవాళ్ళని చూస్తే "పోస్చర్ అండి, పోస్చర్" అనేవారు. టైంటేబుల్ గురించి అడిగినా సమాధానం కళ్ళేల మీదుగా వచ్చేది. "పగ్గం వదలకూడదు, బిగించకూడదు. అడ్మినిస్ట్రేషన్ కూడా అంతేనండి." ఆయనకి గుర్రం మీద కనీసం రెండో అనుభవం కలిగితే మొదటిదాని గురించి చెప్పడం తగ్గిస్తారేమోనని మాలో కొందరికి ఆశ ఉండేది.

ఆ అవకాశం చైత్రమాసంలో వచ్చింది. ఆత్రేయపురం వైపు కాలవ పక్కన కొత్తగా ఒక రిసార్టు పెట్టారు. అందులో గుర్రాల మీద పల్లెటూళ్ళు చూపిస్తారట. దానికి వాళ్ళు 'ట్రెయిల్' అని పేరు పెట్టారు. ప్రిన్సిపాల్ గారు ఆ వార్త ఫోనులో అందరికీ చూపించి, సెలవురోజున స్టాఫంతా వెళ్దామన్నారు. ఆయన ఎదుట అందరూ సై అన్నారు. తరవాత ఒకరికి నడుంనొప్పి వచ్చింది, ఒకరింటికి చుట్టాలొచ్చారు, ఇంకొకరికి చిన్నప్పుడు గేదె పొడిచిన సంగతి అప్పుడే గుర్తొచ్చింది. నాకు సాకు దొరకలేదు.

"మీరు జువాలజీ కదండీ మేడమ్. మీరే రాకపోతే ఎలాగండి?" అన్నారాయన. గుర్రం కూడా నాకోసమే ఎదురుచూస్తున్నట్టు చెప్పారు.

ఆయన చూసిన సెలవురోజు శ్రీరామనవమి. నేను తెల్లారకముందే లేచి, తలస్నానం చేసి, పానకం, వడపప్పు దేవుడికి పెట్టి, బీరువాలో అడుగున ఉన్న ట్రాక్‌ప్యాంటు తీశాను. మా ఆయన కళ్ళద్దాలు సవరించుకుని నన్ను పైనుంచి కిందికి చూశారు.

"పండగ పూట గుర్రమెక్కడమేంటి?"

"ప్రిన్సిపాల్ గారి మాట తీసెయ్యలేకపోయాను."

"నేను ఎక్కను. స్కూటీ మీద వెనకాల వస్తాను. ఎక్కడైనా పడితే తీసుకురావాలి కదా."

ఆయన అన్న మాటలో ప్రేమ ఉంది. కానీ దానితోపాటు నొప్పుల మందు, దూది, మంచినీళ్ళ సీసా సంచిలో సర్దుకోవడం చూస్తే నామీద నమ్మకం ఏపాటిదో తెలిసిపోయింది.

ప్రిన్సిపాల్ గారి కారులో ధవళేశ్వరం బ్యారేజీ దాటి రిసార్టు చేరాం. మా ఆయన స్కూటీ వెనకాలే వచ్చింది. రిసార్టు చుట్టూ కొబ్బరితోట. లోపల గోడలనిండా బండిచక్రాలు, తిరగళ్ళు, చిల్లులు పడ్డ బుట్టలు, కాడిమాను. మా అమ్మమ్మ వాళ్ళింట్లో చోటు చాలక పెరట్లో పడేసినవన్నీ ఇక్కడ వార్నిషు పూసుకుని గోడలెక్కాయి. గాజుగ్లాసుల్లో నీలం రంగు షర్బత్తు తెచ్చి 'వెల్‌కం డ్రింక్' అన్నారు.

మా ఆయన తలెత్తి కొబ్బరిచెట్ల వంక చూసి, "కొబ్బరినీళ్ళు లేవాండి?" అని అడిగారు.

"అవి విలేజ్ ప్యాకేజీలో వస్తాయండి. మీది ఎడ్వంచర్ ప్యాకేజీ అండి" అన్నాడు యూనిఫారం వేసుకున్న కుర్రమేనేజరు. ఎంతో మర్యాదగా అన్నాడు. మేము మా జిల్లాలో, కొబ్బరిచెట్ల కింద నిలబడి, నీలం నీళ్ళు తాగాం.

గుర్రాలు రెండు. వాటిని చూసుకునే ఆయనకి యాభై దాటి ఉంటాయి. పంచె మోకాళ్ళదాకా ఎగ్గట్టి, నెత్తిన ప్లాస్టిక్ కౌబాయ్ టోపీ పెట్టుకున్నాడు. టోపీ రిసార్టువాళ్ళదట. అది పెట్టుకోకపోతే మేనేజరు ఊరుకోడట. ప్రిన్సిపాల్ గారికి ఎర్రగోధుమ రంగు గుర్రం ఇచ్చాడు. నాకు తెల్లది, ఆడగుర్రం. దాని తోక చివర గోరింటాకు ఎరుపు ఇంకా పోలేదు. జూలులో అక్కడక్కడా చమ్కీ మెరుస్తోంది.

"ఇదేంటండీ, దీనికి అలంకారం చేశారు?" అన్నాను.

"ఆయ్, పెళ్ళిగుర్రమండి ఇది. ఇప్పుడు మూఢం కదండీ, ముహూర్తాలు లేవు. ఖాళీగా ఉంటే మేతకెక్కడినుంచి తెస్తాం? అందుకని ఇక్కడ పెట్టానండి."

"మరి అది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు తన గుర్రాన్ని చూపిస్తూ.

"అది కాకినాడ బీచిలో పిల్లల్ని ఎక్కించుకునేదండి. బంగారంలాంటిది."

ప్రిన్సిపాల్ గారి ముఖం కొంచెం చిన్నబోయింది. ఊటీ గుర్రం వంశం గురించి ఆయన మాకు చాలా గొప్పగా చెప్పి ఉన్నారు. అయినా తేరుకుని, "గుర్రం ఏదైనా రైడర్ని బట్టి ఉంటుంది" అన్నారు. మా ఇద్దరికీ క్రికెట్టు ఆడేవాళ్ళ హెల్మెట్లు పెట్టారు. ముఖం ముందు కమ్మీలు అడ్డం. నన్ను ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబెట్టి, ఇద్దరు కింద నుంచి తోసి, ఒకరు అటువైపునుంచి లాగి, గుర్రమెక్కించారు. గుర్రం మాత్రం కదలకుండా నిలబడింది. పెళ్ళికొడుకులు కూడా ఇలాగే ఎక్కుతారు కాబోలు.

బయల్దేరాం. కాలవగట్టు మీద మెత్తటి మట్టిబాట. ఒకవైపు కాలవ నిండుగా పారుతోంది. రెండోవైపు దాళ్వా వరి పండటానికి వచ్చి పచ్చకీ పసుపుకీ మధ్య రంగులో ఉంది. కానుగచెట్ల పూలు బాటంతా రాలి గిట్టల కింద చప్పుడు లేకుండా నలుగుతున్నాయి. ఎక్కడో మామిడితోటలో కోయిల. ఎగతాళి పక్కనపెట్టి ఒక్క మాట చెప్పాలి. ఆ ఎత్తునుంచి ఆ పొద్దున నేను చూసిన పొలాలు అంతకుముందు బస్సుకిటికీలోంచి చూసినవి కావు. గుర్రం వెచ్చగా, నెమ్మదిగా, ఊపిరి తీస్తూ నడుస్తోంది. నాకు భయం పోయింది. కాసేపు నేను ఎవరి లెక్చరర్నీ కాను, ఎవరి భార్యనీ కాను అనిపించింది.

వెంటనే వెనకనుంచి స్కూటీ హారను మోగింది. "వీపు నిటారుగా పెట్టు" అన్నారు మా ఆయన.

దారిలో రేవులో బట్టలు ఉతుకుతున్న ముసలావిడ నన్ను చూసి చెయ్యి ఆపింది. "ఏమ్మా, కారు చెడిపోయిందా?" అంది జాలిగా.

"లేదండి, ఊరికే తిరుగుతున్నాం."

"ఊరికేనా?" ఆవిడ ఇంకా జాలిగా చూసి, వెనకాల స్కూటీ మీద ఉన్న మా ఆయన్ని చూసి, ఏదో ఇంటిగొడవ అనుకుని, మళ్ళీ బట్ట బండకేసి కొట్టింది.

ఇంకాస్త ముందుకెళ్ళాక ఒకాయన మోపెడ్ మీద పచ్చగడ్డిమోపు పెట్టుకుని ఎదురొచ్చాడు. బండి ఆపి, ఒక కాలు నేలమీద ఆన్చి, "షూటింగాండీ?" అన్నాడు. మావైపు ఎవరు కొత్త గుడ్డ కట్టుకుని కాలవగట్టెక్కినా మొదట అడిగేది అదే. ప్రిన్సిపాల్ గారు హెల్మెట్టు సర్దుకుని చిరునవ్వు నవ్వారు, అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

"హీరో గారెప్పుడొస్తారండీ? తవరు డూపులా?"

ప్రిన్సిపాల్ గారు చిరునవ్వు మానేశారు.

మేం ఊహించని సంగతి ఇంకొకటి బయటపడింది. నా గుర్రం కొంత దూరం నడిచాక, ఒక అడ్డరోడ్డు కాలవగట్టును కలిసేచోట, ఆగిపోయింది. తట్టాను, బతిమాలాను, "పద తల్లీ" అన్నాను. చెవులు నిక్కబొడుచుకుని నిలబడింది. గుర్రాలాయన పరిగెత్తుకొచ్చి, "కాసేపాగండమ్మగారూ. సెంటరొస్తే ఆగడం దానికలవాటండి. అక్కడ టపాకాయలు కాలుస్తారు కదండీ, కుర్రోళ్ళు డాన్సులాడతారు. అయ్యేదాకా కదలదు" అన్నాడు.

"ఇక్కడ టపాకాయలు లేవు కదండీ."

"దానికేం తెలుసండి?"

ఎవరూ కాల్చని టపాకాయలూ ఎవరూ ఆడని డాన్సులూ అయ్యాయని గుర్రానికి తోచేదాకా ఎండలో నిలబడ్డాం. తరవాత అది తనంతట తనే కదిలింది. అలా ప్రతి అడ్డరోడ్డు దగ్గరా జరిగింది. డెల్టాలో అడ్డరోడ్లకి కొదవలేదు.

ప్రిన్సిపాల్ గారి గుర్రానిది ఇంకో అలవాటు. బీచిలో అది ఇసుకమీద కొంతదూరం వెళ్ళి, వెనక్కి తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి పిల్లల్ని దింపేది. అందుకని కాస్త దూరం వెళ్ళగానే గిర్రున తిరిగి రిసార్టువైపు ముఖం పెట్టేది. ఆయన పగ్గం లాగి మళ్ళీ ముందుకి తిప్పేవారు. అది మళ్ళీ తిరిగేది. కాసేపు ఆయన నాకు ఎదురొచ్చేవారు, కాసేపు పక్కనుండేవారు. ఎదురొచ్చినప్పుడల్లా "కంట్రోల్ చేస్తున్నానండి" అనేవారు.

అంతలో బాతులమంద ఒకటి పొలంలోంచి గట్టెక్కి, బాటకి అడ్డంగా, కాలవలోకి దిగడం మొదలుపెట్టింది. ఎదురుగా నీళ్ళు, పక్షులు, చల్లగాలి. సముద్రం వచ్చేసిందని ఎర్రగుర్రం తీర్మానించుకుంది. గట్టిగా వెనక్కి తిరిగి, ఈసారి నడక మాని పరుగు అందుకుంది. ప్రిన్సిపాల్ గారు కళ్ళేలు వదిలి గుర్రం మెడ కౌగిలించుకున్నారు. పోస్చర్ గురించి అప్పుడాయన ఏమీ అనలేదు. గుర్రాలాయన టోపీ తీసి చంకలో పెట్టుకుని వెనకాల పరిగెత్తాడు. మా ఆయన స్కూటీ తిప్పుకుని, నావైపు ఒకసారి చూసి, "నువ్వు కదలకు, ఇప్పుడే వస్తాను" అని వాళ్ళ వెంట వెళ్ళారు.

నేను కదలకపోవడం నా చేతిలో ఉన్నట్టు అన్నారాయన.

బాతులు దిగిపోయాయి. నేనూ, గుర్రమూ మిగిలాం. ఆ చోటంతా మహా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో దూరంగా, కొబ్బరితోటల వెనకాల ఉన్న ఊళ్ళోంచి, బ్యాండు మేళం వినిపించింది.

గుర్రం తల పైకెత్తింది. దాని వీపు నా కింద ఒక్కసారి జల్లుమంది. అప్పటిదాకా ఈడ్చుకుంటూ వేసిన అడుగులు మాని, మెడ వంచి, ముంగాళ్ళు ఎత్తెత్తి వేస్తూ గట్టు దిగి ఊళ్ళోకి నడిచింది. నేను జూలు రెండు చేతులా పట్టుకుని, రామా అనుకున్నాను. పండగ ఆయనదే కాబట్టి పలికేవాడు పలుకుతాడని.

ఊళ్ళో సీతారాముల ఉత్సవ విగ్రహాలని పల్లకీలో కల్యాణం పందిరికి తీసుకెళ్తున్నారు. ముందు బ్యాండు మేళం, వెనక పల్లకీ, దాని వెనక ఊరంతా. పెళ్ళిలో వరుడి గుర్రం ఎక్కడుండాలో నా గుర్రానికి బాగా తెలుసు. జనంలోంచి ఎవరినీ తాకకుండా దారి చేసుకుంటూ వెళ్ళి, మేళానికి వెనక, పల్లకీకి ముందు, తన చోట్లో తను చేరి, నాట్యం మొదలుపెట్టింది.

మేళంవాళ్ళు గుర్రాన్ని చూసి హుషారెక్కి ఇంకా గట్టిగా వాయించారు. అది ఇంకా గట్టిగా ఆడింది. నా హెల్మెట్టు ముందుకి జారి కమ్మీలు ముక్కు మీదికి వచ్చాయి. ఎవరైనా "ఎవరమ్మా నువ్వు" అని దింపేస్తారని ఎదురుచూశాను. అలా ఎవరూ అడగలేదు. ఉత్సవ కమిటీ ప్రెసిడెంటు గారు, భుజాన పట్టు కండువా, చేతిలో మైకు, నన్ను చూసి ఒక్క క్షణం తెల్లబోయారు. తరవాత గొంతు సవరించుకున్నారు.

"భక్తులారా, ఈ సంవత్సరం మన కమిటీ తరఫున స్వామివారికి ప్రత్యేకంగా అశ్వాన్ని ఏర్పాటు చేయడమైనది."

జనం చప్పట్లు కొట్టారు. పక్కనే ఉన్న కమిటీ సెక్రటరీ గారు మైకు అందుకుని, ఆ ఆలోచన మొట్టమొదట మీటింగులో తనే చెప్పానని సవినయంగా మనవి చేసుకున్నారు. నేను "అది కాదండీ" అనబోయాను. మేళం మోతలో నామాట నాకే వినపడలేదు.

ఒక పెద్దాయనకి మాత్రం ఇది నచ్చలేదు. పల్లకీ ఆపించారు. "ఏమండీ ప్రెసిడెంటు గారూ, స్వామివారికంటే ఎత్తులో మనిషి కూర్చోవచ్చాండీ? పైగా కాళ్ళకి బూట్లండి."

అందరూ నా బూట్ల వంక చూశారు. నాకు ఎక్కడైనా దూరాలనిపించింది. కానీ గుర్రం మీద కూర్చున్న మనిషి దూరగలిగే చోటు ఉండదు. ఇద్దరు ముందుకొచ్చి, "ఏమీ అనుకోకండమ్మగారూ" అంటూ చెరోవైపునుంచి నా బూట్లు విప్పి తీసుకెళ్ళారు. ఎత్తు సంగతి మిగిలింది. అది కమిటీకి తేలలేదు. పూజారి గారే ముందుకొచ్చారు. ముహూర్తం దాటిపోతోందని ఆయన కంగారు ఆయనది.

"ఊరికే కూర్చుంటే తప్పమ్మా. సేవ చేస్తుంటే తప్పులేదు. ఇది పట్టుకోండి" అని నా చేతిలో తెల్లటి వింజామర పెట్టారు. "ఇటు తిరిగి వీస్తూండండి."

అలా నేను క్రికెట్టు హెల్మెట్టుతో, ట్రాక్‌ప్యాంటుతో, ఒట్టికాళ్ళతో, నాట్యమాడే గుర్రం మీద నడుం మెలితిప్పి వెనక్కి తిరిగి, ఒకచేత్తో జూలు పట్టుకుని, రెండోచేత్తో సీతారాములకి వింజామర వీస్తూ ఊరంతా తిరిగాను. ఇది జరుగుతున్నంతసేపూ నవ్వు రాలేదు. వీధి గుమ్మాల్లోంచి ఆడవాళ్ళు హారతిపళ్ళేలతో వచ్చారు. ఒక ముసలమ్మ గుర్రం మెడ తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. తరవాత నా పాదం కూడా తాకబోతే, వద్దు వద్దని కాలు లాక్కున్నాను. "నీకు కాదులేమ్మా ఈ దండం, నువ్వు చేసే సేవకి" అందావిడ నవ్వుతూ. వింజామర ఇంకాస్త శ్రద్ధగా వీశాను.

పందిరి దగ్గర మేళం ఆగింది. గుర్రం కూడా ఆగి, ఎవరైనా వరుణ్ణి దింపుకోండన్నట్టు నిలబడింది. ఒక ఇంటి ఎత్తరుగు పక్కకి తీసుకెళ్ళి నన్ను అరుగుమీదికి దింపారు. కాళ్ళు రెండూ దగ్గరికి రానంటే, అరుగు గోడకి ఆనుకుని నిలబడ్డాను. పందిట్లో ఎవరో ఆకుదొన్నెతో పులిహోర తింటున్నారు. చూస్తే మా ఆయన.

"ఎప్పుడొచ్చారు?"

"రెండో వీధిలో నువ్వు వెనక్కి తిరిగి విసురుతున్నప్పుడు. పిలిచాను, నువ్వు సేవలో ఉన్నావు." ఆయన పులిహోర నా చేతికిచ్చి, సంచిలోంచి నొప్పుల మందు తీశారు. "ఎక్కడ?" అన్నారు.

"అంతటా."

ప్రిన్సిపాల్ గారు కాసేపటికి గుర్రాలాయనతో కలిసి ఆటోలో వచ్చారు. ఆయన గుర్రం ఆయన్ని నీలం షర్బత్తు ఇచ్చిన చోటికే క్షేమంగా చేర్చి, దిగేదాకా కదలకుండా నిలబడిందట. చొక్కా మీద గుర్రం వెంట్రుకలు, ముఖం మీద ఎంతో హుందాతనం. పానకం క్యూలో నిలబడి, పక్కవాళ్ళకి, "మేడమ్ గారిని నేనే ముందుకు పంపించానండి" అని చెబుతున్నారు. నా బూట్లు ఎంత వెతికినా దొరకలేదు. కమిటీవాళ్ళు చాలా నొచ్చుకుని, వాటికి బదులుగా ఒక అరటిగెల ఇచ్చారు. దాన్ని స్కూటీ ముందు పెట్టుకుని, నేను వెనక ఒక పక్కకి ఒరిగి కూర్చుని, ఇల్లు చేరాం.

ఆ ఊరివాళ్ళు తీసిన వీడియో మేం ఇల్లు చేరకముందే చుట్టాలందరికీ చేరింది. సాయంత్రం మా అత్తగారు అన్నవరం నుంచి ఫోను చేశారు. ఆవిడ మా పెద్దబావగారి దగ్గర ఉంటారు. నేనేం చేసినా తప్పు వెతకడం ఆవిడ పద్ధతి. ఈసారి గొంతు మెత్తగా ఉంది.

"ఏమ్మా, ఇంత పెద్ద మొక్కు మొక్కుకున్నావని నాతో ఒక్కమాటైనా అనలేదేంటి? మావాడి ఆరోగ్యం కోసమేనా?"

మా ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని, అరటిపండు ఒలుచుకుంటూ, పూర్తి ఆరోగ్యంతో నన్ను చూస్తున్నారు.

"అవునండీ అత్తయ్యగారూ" అన్నాను.

"ఇక్కడ కొండమీద అందరికీ చూపించానమ్మా. ఎంత కష్టపడి వీశావో. ఒక్కసారైనా ముందుకి తిరిగావు కాదు."

తిరిగితే పడిపోయేదాన్నని ఆవిడకి చెప్పలేదు.